ఏ రాయి నుంచి కొలిచారు?

మా మామయ్యది నాగాయలంక దగ్గర ఊరు. దివిసీమ మీద ఉప్పెన పడ్డ 1977 నవంబరు 19 నాటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు. ఆ రాత్రి తాటిచెట్టు మట్టలు పట్టుకుని బతికి బయటపడ్డ మనిషి. అందుకే సముద్రం గురించి ఆయన మాటకు ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎవరికీ నచ్చదు. నేను గుడివాడలో పిల్లలకు భూగోళం పాఠాలు చెబుతాను. చదువుకునే రోజుల్లో రెండు వేసవులు నేల ఎత్తులు కొలిచే లెవెలింగ్ పరికరం భుజాన వేసుకుని కాలవగట్ల వెంట తిరిగాను.

కార్తీకంలో ఒక పెళ్ళికి వచ్చిన మామయ్యను ఊళ్ళో దింపడానికి కారులో బయల్దేరాం. గుడివాడ నుంచి బందరు, అక్కడి నుంచి చల్లపల్లి మీదుగా దివిసీమ. దారి పొడుగునా వాదించుకున్నాం. గొడవ మొదలైంది గుడివాడ స్టేషన్లో. పెళ్ళికొచ్చిన చుట్టాలను రైలెక్కించి వస్తుంటే మామయ్య ప్లాట్‌ఫాం చివర పసుపుపచ్చ బోర్డు ముందు ఆగిపోయారు.

మామయ్య: ఊరి పేరు కింద సముద్రమట్టానికి ఇన్ని మీటర్ల ఎత్తని రాశారు. చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నా. నాకొక సంగతి చెప్పమ్మాయ్. సముద్రానికి మట్టం ఎక్కడుంది? పొద్దున పోటు, మధ్యాహ్నం పాటు. అమావాస్యకొకలాగా, అష్టమికొకలాగా. చైత్రంలో వెనక్కి పోతుంది, కార్తీకంలో ముందుకొస్తుంది. ఒక్క గంట కుదురుగా ఉండని దాన్ని పట్టుకుని ఊళ్ళకి ఎత్తులు కడతారా?

నేను: మీరు చెప్పినవన్నీ నిజమే మామయ్యా. బంగాళాఖాతం మట్టం మన తీరంలో వేసవి మొదట్లో బాగా దిగుతుంది, అక్టోబరు, నవంబరుల్లో ఎక్కుతుంది. అందుకే ఒక్కరోజు చూసి ఎవరూ చెప్పరు. రేవులో ఒక నిలువు గొట్టం దింపుతారు. దాని అడుగున చిన్న కన్నం ఉంటుంది. బయట అలలు ఎంత ఎగిరిపడ్డా గొట్టంలో నీరు నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది. వెనకటికి ఆ నీటి మీద బెండు తేలుతూ ఉంటే దానికి కట్టిన కలం కాగితం మీద గీత గీసేది. ఇప్పుడైతే పైనుంచి రాడార్ చూస్తుంది. దీన్నే టైడ్ గేజ్ అంటారు. గంట గంటకూ రాసుకుని, నెలకు సగటు, ఏడాదికి సగటు తీస్తారు. పోటూ పాటూ ఒకదానికొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేదే మట్టం.

మామయ్య: అయితే ఏడాది చాలన్నమాట.

నేను: చాలదు. రాహువు ఒక్కో రాశిలో ఎన్నాళ్ళుంటాడు?

మామయ్య: ఏడాదిన్నర. పన్నెండు రాశులూ తిరిగేసరికి పద్దెనిమిదేళ్ళు దాటుతుంది. దానికీ దీనికీ ఏమిటి?

నేను: రాహుకేతువులంటే చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు బిందువులే కదా. అవి చుట్టు తిరిగి రావడానికి 18.6 ఏళ్ళు. చంద్రుడి దారి వాలు ఆ లెక్కన మారుతుంటే పోటు బలమూ మారుతుంది. ఆ చక్రం ఒక్కసారైనా పూర్తి కాకుండా సముద్రం ఎక్కుతోందనీ దిగుతోందనీ తేల్చి చెప్పలేం. ఇక ఈ బోర్డు మీది అంకె సంగతి. వెనకటి సర్వే వాళ్ళు 9 రేవుల్లో నీటిని ఏళ్ళ తరబడి కొలిచారు. కరాచీ, బొంబాయి, కొచ్చిన్, మద్రాసు, మన విశాఖపట్నం అందులోవే. ఆ మట్టాలను ఆధారం చేసుకుని దేశమంతా గుర్తురాయి నుంచి గుర్తురాయికి ఎత్తులు మోసుకుపోయారు. 1909లో స్థిరపడిన లెక్క అది. గుడివాడ స్టేషను ఎత్తు ఆ రాళ్ళ మీదుగా నడిచొచ్చింది.

మామయ్య: నూరేళ్ళ పైమాటే. అప్పటి నేల అక్కడే ఉందా మరి?

ఆ ప్రశ్న ఎంత లోతైనదో ఆయనకు అప్పటికి తెలియదు. నాకు తెలిసీ ఆ క్షణాన జవాబివ్వలేదు. సముద్రం ఎక్కుతోందని మాత్రం అంటూ బందరు దారి పట్టాం. రోడ్డుకు రెండు పక్కలా వరి కోతకొచ్చి ఉంది. నడుమ నడుమ చేపల చెరువులు.

బందరులో గిలకలదిండి వైపు తిప్పమన్నారు. హార్బరులో మరపడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. మొగ పూడుకుపోవడంతో పోటు కోసం కాచుకుని బయటికి వెళ్ళాల్సి రావడం అక్కడి వాళ్ళకు పాత కష్టమే.

మామయ్య: చూడు. నువ్వేమో సముద్రం ఎక్కుతోందంటావు. ఇక్కడ పడవ దాటడానికి నీళ్ళు చాలడం లేదు. ఇంగ్లీషువాళ్ళు 1611లో ఇక్కడే కొట్టు పెట్టారు, డచ్చివాళ్ళు అంతకు ముందే దిగారు. అంత పెద్ద రేవు ఎందుకు చచ్చిపోయింది? పూడుకుపోయే కదా. ఓడలు దూరాన లంగరేసుకునేవి, సరుకంతా పడవల మీద ఒడ్డుకొచ్చేది. సముద్రం నిజంగా పెరిగితే బందరు రేవు బతికుండేది.

నేను: లోతు వేరు, మట్టం వేరు మామయ్యా. గంగాళం అడుగున పేరిన మడ్డిని చూసి అంచున నీళ్ళు ఎక్కడికొచ్చాయో చెప్పలేం. అలలు తీరం వెంట ఇసుకను నెట్టుకొచ్చి మొగలో పోస్తాయి, దాన్ని కడిగేసే ప్రవాహం లేకపోతే మొగ మూసుకుపోతుంది. అది జరుగుతూ ఉండగానే పైన మట్టం ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కవచ్చు. ఒకటి అడుగు కథ, ఇంకొకటి పైకథ.

మామయ్య: మిల్లీమీటర్లు! అమ్మాయ్, 1864 నవంబరు 1న ఈ బందరు మీద పడ్డ ఉప్పెనలో ముప్ఫైవేల మంది పోయారని మా తాతలు చెప్పుకునేవారు. 1977లో మా మీద పడ్డది అయిదు మీటర్ల అల. పదివేలకు పైగా జనం. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి ఒక్క రాత్రిలో శవాల దిబ్బలయ్యాయి. మూడు నిలువుల నీళ్ళు చూసిన వాడి ముందు చీమ తలకాయంత కొలత పట్టుకుని మాట్లాడతావేం?

నేను మాట్లాడలేదు. ఆయన గొంతు మారింది. కాసేపు ఇద్దరం ఆ పడవల్ని చూస్తూ నిలబడ్డాం. తిరిగి కారెక్కాకే జవాబు చెప్పాను. ఆ రాత్రి చూసిన మనిషికి ఈ జవాబు చెప్పడానికి తొందర పనికిరాదు.

నేను: ఉప్పెన గాలి మోసుకొచ్చే నీరు. రెండు మూడు గంటల్లో వచ్చి పోతుంది. కాని అది దేని మీద నిలబడి వస్తుందో చూడండి. ఆ రోజు సముద్రం ఏ మట్టాన ఉందో అక్కడి నుంచే ఎక్కుతుంది. ప్రపంచం మొత్తం మీద 1901 నుంచి 2018 లోగా సముద్రం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని లెక్క తేల్చారు. మొదట్లో నెమ్మదిగా, 2006 తర్వాత ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున. ఇదే వేగం యాభై ఏళ్ళు సాగితే ఇంకో 18 సెంటీమీటర్లు పైన. నేల వాలు కిలోమీటరుకు 20 సెంటీమీటర్లే ఉన్న చోట 20 సెంటీమీటర్ల నీరంటే కిలోమీటరు లోపలికి. మీ ఊళ్ళో నేల వాలు ఎంతో మీకు నాకన్నా బాగా తెలుసు. గోళీకాయ పెడితే దొర్లదు.

మామయ్య: దొర్లదులే. అది ప్రపంచం సంగతి. మన దగ్గర ఎంత?

నేను: మనకు దగ్గర్లో బాగా పాత రికార్డు విశాఖపట్నానిది. ఇప్పటి గేజ్ రికార్డు 1937లో మొదలైంది. ఇరవయ్యో శతాబ్దపు లెక్కలు చూస్తే అక్కడ ఏడాదికి ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ పెరిగింది.

మామయ్య: ఇంకేం! ఏడాదికి మిల్లీమీటరు. నా మనవలకి మనవలు పుట్టినా మోకాలికి రాదు. దీనికోసమా ఇంత గోల?

నేను: ఇదే బంగాళాఖాతంలో కలకత్తా కింద డైమండ్ హార్బర్ ఉంది. అక్కడి గేజ్ 1948 నుంచి చదువుతోంది. అక్కడ పెరుగుదల ఏడాదికి అయిదు మిల్లీమీటర్లు.

మామయ్య: ఒకే సముద్రం కాదూ? ఒక పక్క అయిదు, ఇంకో పక్క ఒకటీనా? పళ్ళెంలో నీళ్ళు అలా ఉంటాయా?

నేను: నీళ్ళలో కొంచెం తేడా ఉంటుంది కాని, అంత ఉండదు. తేడా నేలది. విశాఖ కొండరాతి మీద కూర్చుంది. డైమండ్ హార్బర్ గంగ తెచ్చిన బురద మీద కూర్చుంది. ఒకటి నిలబడి కొలుస్తోంది, ఇంకొకటి కుంగుతూ కొలుస్తోంది. గేజ్‌కి సముద్రం ఒక్కటే కనబడదు మామయ్యా. తను నిలబడ్డ నేలకూ నీటికీ నడుమ దూరమే కనబడుతుంది. నీరు ఎక్కినా, నేల దిగినా దానికి ఒకటే. స్వీడన్‌లో స్టాక్‌హోం రేవు 1774 నుంచి కొలుస్తోంది. అక్కడ సముద్రం ఏడాదికేడాది దిగిపోతున్నట్టు కనబడుతుంది. వేల ఏళ్ళ కిందట మైళ్ళ మందాన పేరుకున్న మంచు కరిగిపోయాక, ఆ బరువు తీరిన నేల ఇప్పటికీ పైకి లేస్తూ ఉండటమే కారణం. మన దగ్గరే చూడండి. 2004 డిసెంబరు 26 భూకంపానికి నికోబార్ దీవుల చివర ఇందిరా పాయింట్ ఒక్కరోజులో నాలుగు మీటర్ల పైన కుంగింది. లైట్‌హౌసు కాళ్ళు నీళ్ళలో మునిగాయి. అక్కడ సముద్రం పెరిగిందందామా?

మామయ్య: ఆ రోజు మంగినపూడిలో పున్నమి స్నానాలకి వెళ్ళినవాళ్ళలో మనవాళ్ళూ పోయారు.

నేను: అవును.

మామయ్య: సరే. అయితే మా దివిసీమ ఏ జాతి? విశాఖలాగా రాయా, ఆ కలకత్తా బురదా?

నేను: ఒండ్రే. అక్కడే నా బాధంతా. విశాఖ అంకెను తెచ్చి దివిసీమకు అతికించలేం. దివిసీమ ఒండ్రు మీద నిలబడి డెబ్భై ఎనభై ఏళ్ళు సముద్రాన్ని చదివిన గేజ్ లేదు. రాతి మీద నిలబడి ఉన్నవాడు చెప్పిన లోతును నమ్ముకుని బురదలో ఉన్నవాడు అడుగేస్తున్నాడు.

చల్లపల్లి దగ్గర పడుతుండగా మామయ్య ఒక్కసారిగా హుషారయ్యారు. పక్కనే ఘంటసాల.

మామయ్య: నీ లెక్కలన్నీ విన్నాను, ఇప్పుడు నా లెక్క విను. ఈ ఘంటసాల ఒకప్పుడు రేవు. బౌద్ధుల స్తూపం ఉంది, రోము దేశంతో వర్తకం చేశారు. మన మేష్టారు చెప్పేవారు, ఎవరో గ్రీకువాడు పుస్తకంలో రాశాడని.

నేను: టాలెమీ. రెండో శతాబ్దం. కొంటకోస్సిల అని రాశాడు. ఇక్కడి శాసనాల్లో కంటకసోల అని ఉంది.

మామయ్య: ఆ. మరిప్పుడు ఘంటసాలకి సముద్రం ఎంత దూరం? మూడు నాలుగు కోసుల పైమాట. సముద్రం వెనక్కి పోయిందా, ముందుకొచ్చిందా? రెండువేల ఏళ్ళుగా కృష్ణమ్మ మట్టి తెచ్చి పోస్తోంది, నేల పెరుగుతోంది. మా ఊళ్ళ పేర్లు చూడు. నాగాయలంక. ఎలిచెట్లదిబ్బ. పాలకాయతిప్ప. లంకలు, దిబ్బలు, తిప్పలు. ఒక్క ఊరి పేరైనా నేల పోయిందని చెబుతోందా? అన్నీ నేల పుట్టిందని చెప్పేవే. మా తాత కొత్తగా లేచిన లంకలో చిల్లచెట్లు కొట్టి వ్యవసాయం చేశాడు.

ఈ వాదన ముందు నేను ఇప్పటికీ తలవంచుతాను. డెల్టా పుట్టుక కథను ఊళ్ళ పేర్లలో చదవడం ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు. ఇరవైవేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్ల లోతున ఉండేది. మంచు కరిగి నీరు పైకొచ్చి, ఆరేడువేల ఏళ్ళ కిందట దాదాపు ఇప్పటి మట్టంలో కుదురుకుంది. అప్పటి నుంచే కృష్ణ తన మట్టితో సముద్రాన్ని వెనక్కి నెట్టడం మొదలెట్టింది. సముద్రం ఒకప్పుడు ఎక్కడ ఆగిందో చెబుతూ తీరానికి సమాంతరంగా ఇసుక మెట్టలు ఇప్పటికీ వరసలుగా ఉన్నాయి. గుడివాడకు ఈశాన్యాన కొల్లేరు, సముద్రం వదిలి వెళ్ళిన ఉప్పుకయ్య అని భూవిజ్ఞానుల మాట.

నేను: మీ తాతగారి కాలం దాకా మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఆ తర్వాత మట్టి ఆగిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కాకాని నాగేశ్వరరావుగారూ ఆయన సహచరులూ లెక్క కట్టి 2010లో ప్రచురించారు. 1966-69 నాటికి కృష్ణ డెల్టాకు ఏటా 90 లక్షల టన్నుల ఒండ్రు వచ్చేది. 2000-2005 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. నాగార్జునసాగర్ 1967లో మొదలైంది, తర్వాత శ్రీశైలం. అంతకు ముందే పైన తుంగభద్ర. ఒండ్రంతా ఆ చెరువుల అడుగున ఉండిపోతోంది. కృష్ణా గోదావరుల డెల్టా తీరం 336 కిలోమీటర్లు. 1965 నుంచి 2008 దాకా పోయింది పోగా, వచ్చింది రాగా, 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం పాలయింది. మొదటి పాతికేళ్ళలో పోయిన వేగం కన్నా తర్వాతి వేగం ఎక్కువ.

మామయ్య: ఆ సాగరు నీళ్ళతోనే మేం దాళ్వా పండించాం. అది కూడా రాసుకో.

నేను: రాస్తాను.

మామయ్య: మట్టి రాకపోతే కొత్త లంక లేవదు, ఒప్పుకున్నా. ఉన్న నేల ఎందుకు కుంగాలి?

నేను: కుప్ప నూర్చి గడ్డివాము వేస్తారు. సంక్రాంతికి ఉన్న ఎత్తు ఉగాదికి ఉంటుందా?

మామయ్య: ఉండదు, అణుగుతుంది.

నేను: ఒండ్రూ అంతే. తన బరువుకు తనే అణుగుతుంది, లోపలి నీరు పిండుకుపోతుంది. ఒకప్పుడు ఏటా వరద వచ్చి పైన కొత్త పొర పరిచేది, అణిగినంత మేరా నిండేది. ఇప్పుడు అణగడం ఆగలేదు, నిండడం ఆగింది. దానికి తోడు బోర్లు వేసి లోపలి నీరు లాగితే ఇంకా తొందరగా అణుగుతుంది.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ పాయల నడుమ ఉన్నదే దివిసీమ. వంతెన మీద మామయ్య కారు ఆపమన్నారు, దిగి నదికి దండం పెట్టారు. అవనిగడ్డ దాటాక తన పొలం వైపు తిప్పమన్నారు. పొలం చివర మురుగుకాలవలోకి ఒక తూము. మోకాలు లోతున నీరు కదలకుండా నిలబడి ఉంది.

మామయ్య: ఇది చూపిద్దామనే తీసుకొచ్చా. మా నాన్న ఈ తూము వేసినప్పుడు పాటు రాగానే చేలో నీరు గలగలా దిగిపోయేది. ఇప్పుడు పాటులోనూ కదలదు. పున్నమి పోటుకి కాలవ ఎగదన్ని ఉప్పునీరు చేలోకే వస్తోంది. గట్టు మీద తెల్లగా చౌడు పూసింది చూడు. నాకు టైడు గేజీలెందుకు? ఇదే నా గేజీ. సముద్రం పెరిగింది, అంతే.

నేను: మీ తూము అబద్ధం చెప్పడం లేదు. కాని మూడు నిజాలను కలిపి ఒకే మాటగా చెబుతోంది. సముద్రం ఎక్కి ఉండవచ్చు. తూము కుంగి ఉండవచ్చు. మురుగుకాలవ పూడి, గుర్రపుడెక్క పట్టి నీరు నిలిచి ఉండవచ్చు. మూడింటికీ మందు వేరు. పూడిక అయితే ఒక వేసవిలో తీయించవచ్చు. నేల కుంగితే బోర్ల సంగతి, ఒండ్రు సంగతి తేల్చాలి. సముద్రమే అయితే మీరూ నేనూ ఆపలేం. కట్ట ఎంత ఎత్తు కట్టాలో, ఎక్కడ వెనక్కి తగ్గాలో నిర్ణయించుకోవాలి. దేని వాటా ఎంతో తెలియకుండా దేనికి డబ్బు పెడతారు?

మామయ్య: నువ్వు వాటాలు పంచేలోపు మా చేను ఉప్పుమడి అవుతుంది. రాహువు చుట్టు తిరిగి రావాలన్నావు. పద్దెనిమిదేళ్ళు! అప్పటికి నేను ఉంటానా? చుట్టం మునిగిపోతుంటే లోతు కొలిచేవాడు ఎక్కడైనా ఉంటాడా? ముందు చెయ్యి అందించాలి. మాకు కరకట్ట కావాలి, గట్టి షట్టర్లు కావాలి, మడ అడవి కావాలి. కొలతలు తర్వాత.

నేను: కట్ట కట్టొద్దని నేను అనలేదు.

మామయ్య: అనలేదు, కాని కొలతలు పూర్తి కాలేదన్న మాట అడ్డం పెట్టుకుని పనులు ఆపేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళ చేతికి నువ్వు కర్ర ఇస్తున్నావు.

ఆ మాట నాకు తగిలింది. తప్పు నాదే. కొలిచే పనిని ఎదురుచూసే పనిలాగా చెప్పాను. నిజానికి కొలత ఏ పనినీ ఆపక్కర్లేదు. ఇవాళ మొదలెట్టని కొలతను మాత్రం రేపు ఎంత డబ్బు పోసినా కొనలేం.

నేను: మీ మాట ఒప్పుకుంటున్నా మామయ్యా. పని ఆగకూడదు. కొలతా ఆగకూడదు. ఇప్పుడు అన్నిటికీ పద్దెనిమిదేళ్ళు ఆగక్కర్లేదు కూడా. 1992 నుంచి ఉపగ్రహాలు సముద్రాన్ని పైనుంచి రాడార్‌తో కొలుస్తున్నాయి. నేల కుంగడంతో వాటికి పని లేదు, భూమి కేంద్రం నుంచి లెక్క. మన సరళ్ ఉపగ్రహం 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి వెళ్ళింది అందుకే. నేల సంగతి చూడటానికి నైసార్ 2025 జులై 30న అక్కడి నుంచే వెళ్ళింది.

మామయ్య: టీవీలో చూశా. అమెరికా వాళ్ళూ మనమూ కలిసి చేసింది.

నేను: అదే. 12 రోజులకోసారి అదే దారిన వచ్చి అదే నేలను రాడార్‌తో చూస్తుంది. ముందుసారికీ ఈసారికీ నేల ఎంత కదిలిందో రాడార్ అలల తేడాలో తేలుతుంది. పాత రాడార్లకు మన వరిచేలు కొరకరాని కొయ్య. ఇవాళ నీళ్ళు, రేపు నారు, ఎల్లుండి కంకి. చూసిన ప్రతిసారీ నేల ముఖం మారిపోతుంది. ఇళ్ళూ వంతెనలే సరిగ్గా అందేవి. నైసార్‌లో పొడుగు అల ఉంది, అది పైరును దాటుకుని నేలను బాగా పట్టుకోగలదు. పైనుంచి సముద్రం, పైనుంచి నేల తెలిస్తే మీ తూము చెప్పే మూడు నిజాల్లో రెండు విడిపోతాయి.

మామయ్య: మరి ఆకాశంలో అంత పెట్టుకుని కింద రాయీ రప్పా ఎందుకు?

నేను: ఒడ్డు దగ్గర నేల ప్రతిధ్వని కలిసిపోయి సముద్రం సరిగ్గా అందదు. రాడార్ చెప్పే కుంగుబాటు ఒక చోటును ఇంకో చోటుతో పోల్చి చెప్పేది. కింద కదలని ఒక చోటు ఉండాలి, దాని మీద జీపీఎస్ పెట్టాలి, దానికి రేవులో గేజ్‌ను కట్టాలి, ఏటా లెవెలింగ్‌తో సరిచూడాలి. ఆకాశం చెప్పింది నిజమో కాదో తేల్చే సాక్షి నేల మీదే ఉండాలి. అవునూ, మీ ఊరి కల్వర్టు మీద ఒక రాయి ఉండేది. బాణం గుర్తు, బి.ఎం. అని అక్షరాలు. బి.ఎం. అంటే బెంచ్ మార్క్, ఎత్తు కొలిచి పెట్టిన గుర్తురాయి. చదువుకునే రోజుల్లో దాని మీద నేను కొలతకర్ర నిలబెట్టాను.

మామయ్య కాస్త ఇబ్బందిగా చూశారు. ఇంటికి తీసుకెళ్ళారు. పెరట్లో కుళాయి పక్కన బట్టలు ఉతికే బండ. తడిసి నున్నబడ్డ దాని అంచున బాణం గుర్తు సగం కనబడుతోంది.

మామయ్య: రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత కల్వర్టు పడగొట్టారు. మిషనుతో రాయిని ఎత్తి పక్కన పడేశారు. ఎవరినడిగినా దాని సంగతి తెలియదన్నారు. అక్షరాలున్న రాయి కదా, పారేయడం ఎందుకని ఇంటికి తెచ్చాను. జాగ్రత్తగానే ఉంచాను కదమ్మా.

ఆయన దాన్ని కాపాడాననే అనుకున్నారు. నిజంగానే ప్రేమతో తెచ్చారు. ఎలా చెప్పాలో తెలియక ఆ బండ మీద చెయ్యి వేసి కాసేపు కూర్చున్నాను.

నేను: రాయి ఉంది మామయ్యా. దాని చోటు పోయింది. అది కల్వర్టు మీద ఉన్నన్నాళ్ళూ, వెనక కొలిచిన ఎత్తును మళ్ళీ కొలిచి, ఈ నేల ఇన్నేళ్ళలో ఎంత కుంగిందో ఒక్క పూటలో చెప్పగలిగేవాళ్ళం. రాహువు తిరిగి రానక్కర్లేదు. ఆకాశం నుంచి ఎవరూ చూడనక్కర్లేదు. గడిచిన కాలమంతా అందులో ఉండేది. ఇప్పుడది ఉత్త రాయి.

మామయ్య: ఇంత పని చేస్తుందని ఒక్కడూ చెప్పలేదే!

నేను: చెప్పవలసింది మాలాంటి చదువుకున్న వాళ్ళం. చెప్పలేదు.

చాలాసేపు ఆయన మాట్లాడలేదు. టీ తాగాం. చీకటి పడుతుండగా లేచి, రామాలయానికి వెళ్దాం రమ్మన్నారు. పాత మండపం స్తంభం మీద, సున్నం పొరల కింద, అడ్డంగా ఒక గీత.

మామయ్య: 1977లో నీరు దిగాక మా నాన్న మేకుతో గీశాడు. నీరు ఇక్కడిదాకా వచ్చింది. ప్రతి శ్రీరామనవమికీ సున్నం వేసేవాళ్ళతో దీన్ని పూడ్చొద్దని పోట్లాడతాను. ఈ స్తంభం కదల్లేదు. ఇది పనికొస్తుందా?

నేను: పనికొస్తుంది. ఈ గీతకు సరిగ్గా ఎత్తు కట్టి రాసి పెట్టుకుంటే, అది ఇవాళ్టి నుంచి మన గుర్తు. పదేళ్ళకు మళ్ళీ కొలిస్తే మండపం ఎంత కుంగిందో చెబుతుంది. ఇక్కడ కట్ట ఎంత ఎత్తుండాలని అడిగేవాళ్ళకు జవాబూ ఈ గీతే.

మామయ్య: ఈసారి కరకట్టకి కొలతలు తీసేవాళ్ళొస్తే నేనొకటి అడుగుతాను. ఎత్తు ఎంతని కాదు. ఏ రాయి నుంచి కొలిచారు, ఆ రాయి ఎక్కడుంది, చూపించండి అంటాను. అప్పటికీ ఒకటి చెబుతున్నా అమ్మాయ్. కట్టే ముందు. నీ రాళ్ళు తర్వాత.

నేను: కట్టా రాయీ ఒకేరోజు మామయ్యా.

సంక్రాంతి సెలవుల్లో లెవెలింగ్ పరికరం తీసుకుని మళ్ళీ వెళ్తున్నాను. చెక్కుచెదరకుండా మిగిలిన గుర్తురాయి ఎక్కడుందో వెతికి, అక్కడి నుంచి ఆ స్తంభం మీది గీత దాకా ఎత్తు మోసుకురావాలి. గుడివాడ నుంచి మా పిల్లలు ఆరుగురు వస్తామన్నారు.

కృష్ణా డెల్టాలో ఈ రాళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి. పాత లాకుల గోడల మీద, కాలవ వంతెనల మీద, రైలు కల్వర్టుల మీద, పాత ఆఫీసుల మెట్ల పక్కన బాణం గుర్తూ బి.ఎం. అక్షరాలూ ఉన్న రాయి మీ ఊళ్ళో ఎక్కడైనా కనబడితే, దాని ఫోటో తీసి ఉంచండి. రోడ్డు పనో వంతెన పనో మొదలయ్యే ముందే పంచాయతీలో, ఇంజనీరుకు చెప్పండి: ఆ రాయి ఎత్తు ఇంకో గట్టి చోటికి కొలిచి మార్చేదాకా దాన్ని కదపవద్దని. కదిపాక ఇంటికి తెచ్చి దాచుకోవద్దు. కదపకముందే అడ్డుపడండి.